విడిచిన నేలకు పెట్టిన పేరు

నేను బడి పిల్లలను హళేబీడుకు విహారయాత్రకు తీసుకుపోయిన ఏడు మా చేలో గింజ పండలేదు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగితే బయటివాళ్లకు ఏమీ ఉండదు. నాకు మాత్రం అప్పటినుంచి ఒకటి తలచుకుంటే రెండోది గుర్తుకొస్తుంది.

నేను రాయదుర్గం దగ్గర ఒక సర్కారు ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఊరు గుమ్మఘట్ట పక్క. అక్కడ సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. తిట్లు మాత్రం ఎవరికి ఏది నోటికొస్తే అందులో. మా అమ్మది అవతలి పక్క కన్నడ ఊరు. నేను మాటలు నేర్చిందే రెండు భాషల్లో. అందుకే ఏ మాట విన్నా దీని అన్నదమ్ములు ఎక్కడున్నారో అని వెతకడం చిన్నప్పటినుంచీ ఉన్న పిచ్చి. వెన్నకు బెణ్ణె, వేరుకు బేరు, వేసవికి బేసిగె. మన వకారం అక్కడ బకారం అవుతుందని మాస్టర్లెవరూ చెప్పకముందే నాకు తెలుసు. అమ్మ వంటింట్లో ఒక భాషలో అడిగింది నాయనకు నేను ఇంకో భాషలో చేరవేసేదాన్ని కదా.

హళేబీడులో గుడి చూపించే ఆయన కన్నడంలో గడగడా చెబుతుంటే నేను పిల్లలకు తెలుగులో చెబుతున్నాను. హళే అంటే పాత, బీడు అంటే రాజుగారు దిగిన చోటు, రాజధాని. ఒకప్పుడు ఇది మహా పట్టణం, రాజులు పోయాక పాడుబడింది, జనం పాత బీడు అన్నారు. అంతవరకు బాగానే ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, నోటికి గడియ లేనిది, చెయ్యెత్తింది.

"టీచర్, పాత బీడు సూసేదానికి ఇంత దూరం రావల్నా? మా చేను కొత్త బీడే. ఊరికే సూపిస్తాం."

పిల్లలంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ పొలమారితే ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. ఆ నవ్విన పిల్లల్లో సగంమందికి పైగా ఇళ్లలో ఆ ఏడు విత్తనం పడలేదు. అది నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. గుడి చూపించే ఆయనకు మాత్రం తెలుగు రాదు కాబట్టి ఇంత మంచి శిల్పాల ముందు ఇదేం నవ్వు అని చిరాకుపడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఆ మాట నన్ను వదల్లేదు. రాజధానికీ, పంట పెట్టని చేనుకూ ఒకటే పేరేమిటి? కన్నడంలో రెండర్థాలూ ఉన్నాయని అమ్మ మాటల్లో ఎన్నిసార్లు విన్నానో. దండు దిగిన చోటు బీడే, సాగు చేయక పడి ఉన్న నేలా బీడే. కానీ విన్నంత మాత్రాన ఆలోచిస్తామా? మన పాత కావ్యాల్లో వీడు అంటే పట్టణం. పిల్లలకు పద్యం చెప్పేటప్పుడు "వీడు అంటే ఇక్కడ ఈ మనిషి కాదు, ఊరు" అని ఏటా చెబుతూనే ఉన్నాను. వకారంతో ఉన్నది పట్టణమై కావ్యాల్లో కూర్చుంది, బకారంతో ఉన్నది చేలో పడింది. ఆ రెండోది కన్నడం నుంచి గట్టు దాటి మాకొచ్చిందో, మా దగ్గరే అలా పుట్టిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లను అడగాలని ఉన్నా, అలాంటివాళ్లు మా పక్కకు రారు.

రాయదుర్గంలో నేను బస్సు దిగేచోట ఒక ఉడిపి హోటలుంది. యజమాని మంగళూరు పక్కనుంచి వచ్చి ఇక్కడే ముసలివాడైన మనిషి. ఇంట్లో తుళు, గల్లాపెట్టె దగ్గర కన్నడం, మాతో రెండూ కలిపిన తెలుగు. దోసె తింటూ ఆయనతో ఈ మాట ఎత్తాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మా కడ బీడు అంటే దొరల మనె అమ్మా. దొడ్డ మనె, పెద్ద ఇల్లు. కొయ్య కంబాలు, నడుమ అంగళం, ముందర ఏనుగు నిలబడేంత జాగా. ఫలానా బీడోళ్లు అంటే ఇప్పటికీ లేచి నిలబడతాం."

"మా కడ బీడు అంటే సర్కారు తుమ్మ మొలిచే జాగా స్వామీ," అన్నాను. "మేమూ లేచి నిలబడతాం. కూర్చుంటే ముళ్లు."

ఆయన నవ్వాడు గానీ కాస్త నొచ్చుకున్నాడనుకుంటాను, కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

ఇంకొకామె ఉంది. ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే మలయాళీ టీచరు. నాతోపాటు అదే బస్సులో వస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఆమె మాటల్లో నాకు తెలిసిన మాటలా వినిపించేది ఒక్కటే: వీడు, వీడు, వీడు. ఒకరోజు అడిగితే ఇల్లు అంది. తమిళంలోనూ అంతే. తమిళంలో ఇంకో అర్థం కూడా ఉందని ఆమే చెప్పింది. ధర్మం, అర్థం, కామం తరువాత వచ్చే నాలుగోదాన్ని, మోక్షాన్ని, వాళ్లు వీడు అంటారట. మోక్షమంటే విడుదలే కదా అంది. కిటికీ బయట మా ఊరి కొండమీద గాలిమరలు తిరుగుతున్నాయి. మా పక్క గాలికి కూడా పని దొరికింది, మనుషులకే లేదు.

భాషల గురించి లోతుగా చదివినవాళ్లు తమ పుస్తకాల్లో వీటన్నిటికీ ఒకటే మూలం చెబుతారు. విడు. విడవడం, వదలడం. బండి విడిచి రాత్రికి ఆగిన చోటు విడిది. దండు గుర్రాలను విడిచిన చోటు వీడు. ఆగినచోట గోడలు లేస్తే ఇల్లు, రాజు ఆగితే రాజధాని, ప్రాణం బంధాలను విడిస్తే మోక్షం, మనిషి నేలను విడిస్తే బీడు. మా అమ్మకు ఈ శాస్త్రమేమీ తెలియదు గానీ ఆమె నోట్లో ఆ క్రియ రోజుకు పదిసార్లు తిరిగేది. పాలు విరిగినా, కోడలు అలిగినా, వాన మొహం చాటేసినా ఆమెది ఒకటే మాట. "హోగ్లి బిడు." పోనీ, వదిలెయ్. వదిలేయడం ఆమెకు వచ్చినంత సులభంగా నాకు రాలేదు. మా ఆయనకు అసలే రాలేదు.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయనా డిగ్రీ చదివినవాడే. నాకు ఉద్యోగమొచ్చిన ఏడు ఆయనకూ ఏదో ఒకటి వచ్చేదే, కానీ ప్రయత్నించలేదు. వాళ్లది తరతరాలుగా మెట్ట సేద్యం. ఊరికి ఉత్తరాన ఎర్రనేల, గట్టు మీద రెండు వేపచెట్లు, అంతే. చేలో వేసిన బోర్లన్నిట్లో పొగ లాంటి దుమ్ము వచ్చిందే తప్ప నీళ్లు రాలేదు. శనక్కాయ వేస్తాడు, నడుమ నడుమ కంది సాళ్లు వేస్తాడు. వాన వస్తే కాయ, రాకపోతే కట్టె. నా జీతం ఇంట్లోకి వచ్చి చేలోకి పోయేది. మా అమ్మాయి చదువొక్కటీ దాని నోటికి అందకుండా దాచాను. ఊర్లో నన్ను చూసి "చేనుకు టీచరమ్మ నీళ్లు కడతాండాది" అని ఎగతాళి చేసేవాళ్లు. మాట పడ్డానే గానీ అందులో అబద్ధమేముంది?

ఆయనకు చేను మీద ఉన్నది ఆశ కాదు. ఆశ అయితే ఎప్పుడో చచ్చిపోయేది. అది పట్టుదల అనుకోవాలి. మా పక్క ఒక పద్ధతి ఉంది. వాన రాక పంట పెట్టకపోయినా సరే, వాన కార్తెలు దాటిపోయేలోగా చేను చుట్టూ గట్టు వెంబడి ఒక్క సాలు దున్నుతారు. ఎద్దులను మడకకు, అంటే నాగలికి, కట్టి ఒకే ఒక్క చుట్టు. ఆ సాలులో విత్తనం వేయరు, నీళ్లు పోయరు. అది చేనుగల మనిషి బతికే ఉన్నాడని, చేనును వదల్లేదని చెప్పే గుర్తు. సాలు పడిన చేలోకి గొర్రెల కాపరి మందను తోలడు. లోపల మోకాలెత్తు గడ్డి ఉన్నా గట్టు మీదనుంచి మళ్లించుకుని పోతాడు. సాలు పడని చేను మాత్రం ఆ ఏడు ఊరందరిదీ. ఎవరి గొర్రెలైనా దిగొచ్చు, ఎవరైనా కంప కొట్టుకోవచ్చు, అడిగే పని లేదు. అలాంటి చేనును బీడు అంటారు. దీనిమీద కాగితం ఏదీ లేదు, కోర్టుకు పోయినవాడూ లేడు. గొర్రెలకు కూడా తెలిసినట్టే ఉంటుంది.

మా మామగారు ఉన్నన్నాళ్లూ ఆయన, ఆయన పోయాక ఈయన. మా ఎద్దులు అమ్ముకున్నాక కూడా పక్కింటివాళ్ల ఎద్దులు అడిగి తెచ్చి ఆ సాలు వేసేవాడు. ఆ పూట స్నానం చేసి, మడకకు పసుపు పూసి, ఏదో నిండుపంటకు పోతున్నట్టు పోయేవాడు. సాలు వేసొచ్చాక ఆ రోజు అన్నం బాగా తినేవాడు. నేను వెక్కిరించేదాన్ని.

"పంటకు సాలు వేసేవాళ్లను సూసినా. సాలు కోసరం సాలు వేసేవాడిని నిన్నే సూస్తాండా."

"నువ్వు సచ్చిపోయినోళ్ల పద్యాలు చెప్తాండావు కదా, నేనేమన్నా అంటినా?" అనేవాడు.

ఇద్దరిదీ ఒకలాంటి పనేనని ఆయన ఉద్దేశం. నాకు కోపం రాలేదు.

మాటల మూలాల సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఆ రోజు సంగటి, శనక్కాయలు దంచి చేసిన ఊరిబిండి. ముద్ద విరుస్తూ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. కేరళలో అది ఇల్లు, తమిళంలో మోక్షం, తుళునాట దొరల లోగిలి, కన్నడంలో రాజధాని. ఇన్ని చోట్ల ఇంత గొప్పగా బతికిన మాట మన దగ్గరికొచ్చి ఇలా అయిపోయిందని, ఇదంతా విడు అనే ఒక్క మాటలోంచి పుట్టిందని. నిజం చెప్పాలంటే ఆయనను ఊరడిద్దామనే నా ఆరాటం. బీడు అంటే తిట్టు కాదప్పా, దానికి ఇంత పెద్ద చుట్టరికముంది అని.

ఆయన మొత్తం విని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఎద్దు పుండు కాకికి ముద్దా?" అన్నాడు.

పొడుచుకు తింటున్నది నేనని అనుకోనే లేదు. ఆయనే మెత్తబడి అడిగాడు.

"విడిస్తే బీడు అంటివి కదా. విడిసినోడు ఎవడు మరి?"

"చేనుగలాయన."

"నేను విడవలేదు కదా. వాన విడిసింది నన్ను. ఎద్దులు విడిసినాయి. కూలోళ్లు బెంగుళూరికి పోయినారు. నేను యాడికీ పోలేదు. ఈడనే ఉండా. అట్లాంటప్పుడు నా చేను బీడు ఎట్లయితాది?"

అది వ్యాకరణానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఆయనకు ఉన్నదల్లా ఆ ఒక్క పట్టు. అందరూ ఆయనను వదిలినా ఆయన దేన్నీ వదల్లేదని. దాన్ని నిలబెట్టుకోవడానికే ఏటా ఆ సాలు. అది పడకపోతే మిగతావాళ్లకు చేను పోతుంది, ఆయనైతే తానే లేకుండా పోతాడు. ఆ రాత్రినుంచి నేను సాలు గురించి వెక్కిరించడం మానేశాను.

ఇప్పుడు పోయిన ఏటి సంగతి.

మృగశిరకు మబ్బులు వచ్చి మా ఊరి మీదుగా నడిచి కర్ణాటకలో కురిశాయి. ఆరుద్రకు నాలుగు చినుకులు పడి దుమ్ము అణిగింది. చేను పదును కాలేదు. విత్తనానికి దాచిన శనక్కాయ మూటలో ఉంది. ఆయన దాన్ని రోజూ ఒకసారి విప్పి, ఒక కాయ ఒలిచి, గింజను వేళ్లతో నలిపి చూసి మళ్లీ కట్టేవాడు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. మా ఊర్లో మాత్రం రాదనేది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు, అంతే. పుబ్బ కూడా పోయాక ఒక పొద్దున ఆయన ఆ మూట తెచ్చి వంటింట్లో పెట్టాడు.

"బిండి చెయ్," అన్నాడు.

"విత్తనం కాయ కదా?"

"పురుగు పట్టేదానికి ముందే తిందాం."

వేయించి, దంచి చేశాను. ఇల్లంతా కమ్మటి వాసన. అంత మంచి కాయ మామూలుగా మేము తినం, అమ్ముతాం. రెండు ముద్దలకు మించి నేను తినలేకపోయాను. ఆయన మాత్రం మారు వడ్డించుకుని తిన్నాడు. విత్తనం తినే ఇంట్లో చావు జరిగిన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

సాలు మిగిలింది. ఊర్లో ఉన్న చివరి జత ఎద్దులను పక్కింటాయన ఆ ఎండాకాలంలోనే సంతకు తోలాడు. మేత లేక తోలాడు, ఆయనను అనడానికేముంది. ట్రాక్టర్ పిల్లోణ్ణి అడిగితే నవ్వాడు. "ఒక్క సాలుకు ట్రాక్టరా అన్నా? చేనంతా దున్నమంటే దున్నుతా. గట్టెంబడి గీత గీసేదానికి ఇదేమన్నా పెన్నా?" చేనంతా దున్నించమని నేనూ అన్నాను, నా జీతం ఉంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీది శానా తినేసినాది ఈ చేను. ఇంక వద్దు."

మరుసటి రోజు పార భుజాన వేసుకుని పోయాడు. చేత్తో తవ్వుతాడట, చేను చుట్టూ. ఆయనకు నడుము నొప్పి చాలా ఏళ్లనుంచి ఉంది. వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. వద్దని ఎంత చెప్పినా వినలేదు. కోపంతో ఒక పూట అన్నం పంపలేదు కూడా. ఆకలితోనైనా వస్తాడని. రాలేదు. దారినపోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏమప్పా, పునాది తీస్తాండావా?"

"అవ్. బంగ్లా కడతాండా," అనేవాడట.

పొద్దున చల్లగా ఉన్నంతసేపు, సాయంత్రం మళ్లీ ఎండ వాలాక. ఎర్రనేల ఎండితే రాయితో సమానం. పార పడితే నిప్పురవ్వ లేస్తుంది. ఆ వారాల్లోనే ఎందుకో ఒక వాన పడింది. పంటకు పనికిరాని కాలంలో, ఎవరూ అడగనప్పుడు, ఒకటే వాన. దానికి చేలో గడ్డి లేచింది. పల్చటి గడ్డే అయినా పచ్చగా ఉంది. విత్తనం మా కడుపుల్లో ఉంది, గడ్డి చేలో ఉంది. ఆ వాన పడిన రోజు నేను బడి వసారాలో నిలబడి పిల్లలముందే ఏడ్చాను. వాన చూసి టీచరు సంతోషపడుతోందని వాళ్లు అనుకున్నారు.

ఆ తరువాత ఒక సాయంత్రం బస్సును చేను దగ్గరే ఆపించి దిగాను. ఆయనను కూడా ఇంటికి తీసుకుపోదామని. మా ఆయన వేపచెట్టు కింద గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పార పక్కన పడి ఉంది. ఉత్తరం, తూర్పు సాలు పడింది. దక్షిణాన సగం. మిగిలినదంతా తవ్వని గట్టు. ఆయన రెండు చేతులూ తొడల మీద బోర్లా పెట్టుకున్నాడు. తిప్పి చూస్తే అరచేతులు బొబ్బలు చితికి ఉన్నాయి.

పడమటి పక్క బాటమీద గొర్రెలు. వాటి కాపరి మా ఊరి పెద్దాయన, తలకు గుడ్డ, భుజాన కంబళి. ఆయన మందకు కూడా ఆ ఏడు మేత లేదు, వానకు బీళ్లలో లేచిన గడ్డిని మందలన్నీ అప్పటికే గీకేశాయి. కంపలోని కాయలు ఏరుకుని తింటూ తిరిగాయి. గొర్రెల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అటువైపు సాలు లేదు. పచ్చగడ్డి ఎదురుగా ఉంది. అయినా ఆయన కర్ర అడ్డంగా పట్టుకుని మందను ఆపుకుంటూ నిలబడ్డాడు.

"ఎంతసేపటినుంచి నిలబడినావన్నా?" అని అడిగాను.

"పొద్దు నడినెత్తినుంచి టీచరమ్మా. సగం సాలు వేసినాడు కదా ఆయప్ప. మిగతాదీ వేస్తాడు కదాని మళ్లుకుందామనుకుంటి. ఇవి మళ్లట్లేదు. కొట్టినా మళ్లట్లేదు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గొర్రెల వైపు చూస్తున్నాడు. ముందర ఒక చూలు గొర్రె ఉంది, నిలబడే ఓపిక లేక మోకాళ్ల మీద వంగి బాట అంచున ఒక్కొక్క గడ్డిపోచ అందుకుంటోంది. ఇంకో రెండు వారాలు ఇలాగే తవ్వితే సాలు పూర్తవుతుంది. ఆయన చేను ఆయనది అవుతుంది. లోపలి గడ్డి నిలబడే ఎండిపోతుంది. ఆ లెక్క ఆయన వేసుకుంటున్నాడని నాకు తెలుస్తోంది.

చాలాసేపటికి చెట్టు పట్టుకుని లేచాడు.

"తోలుకో అన్నా."

కాపరి కదల్లేదు. "ఏమప్పా?"

"లోపలికి తోలుకో. యాల నిలబెడతావు వాటిని?"

"సాలు ఉండాది కదప్పా..."

మా ఆయన సాలు ఆగిపోయిన చోటికి నడిచాడు. తను తవ్విపోసిన మట్టిని కాలితో కొంచెం కొంచెంగా మళ్లీ అందులోకే నెట్టాడు. గొర్రెపిల్లలు దాటడానికి అన్నట్టు, ఒక తలుపంత వెడల్పున. మొదటి గొర్రె దిగింది, తరువాత మందంతా. గడ్డి తెగే చప్పుడు చేనంతా నిండింది. ఆకలి మీద ఉన్న జీవాలు తింటుంటే వినడానికి బాగానే ఉంటుంది. నాకూ బాగానే అనిపించింది, అందుకే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. మా చేలో ఇన్నేళ్లలో నేను విన్న సంతోషమైన చప్పుడు అదొక్కటే.

కాపరికి మనసు ఆగలేదు. ఉత్తినే మేపుకోవడం వాళ్లకు అలవాటు లేదు. గడ్డికి బదులుగా ఆయన ఇవ్వగలిగింది ఒకటుంది. గొర్రెల మందను రాత్రిళ్లు చేలోనే ఆపితే ఆ పెంట, ఆ మూత్రం నేలకు పడుతుంది. మెట్ట నేలకు అంతకు మించిన ఎరువు లేదు. అందుకోసం రైతులు కాపరుల వెంట తిరుగుతారు. ముందు నా చేలో అంటే ముందు నా చేలో అని పోట్లాడుకుంటారు. మంద పెట్టినన్నాళ్లూ కాపరికి ఇంటినుంచి అన్నం, కూర, తాంబూలం. మా ఆయన ఈ పెద్దాయననే ఎన్ని ఏళ్లు బతిమాలాడో, ఎన్ని రాత్రులు నేను సంగటి కట్టి పంపానో.

"అప్పా, ఈ రాత్రినుంచి మంద ఈడనే నిలుపుతాలే," అన్నాడు కాపరి. "గడ్డి ఉన్నన్నాళ్లూ నిలుపుతా. వచ్చే ఏటికి నేల సూడు ఎట్లుంటాదో."

మా ఆయన పార ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"ఎరువు ఎందుకన్నా?" అన్నాడు.

ఆయన గట్టు దిగి బాట పట్టాడు. కాపరి తన మాట సరిగా అర్థం కాలేదనుకున్నాడు. మందలోంచి రెండడుగులు ముందుకొచ్చి గట్టిగా కేక వేశాడు.

"దుడ్లు వద్దప్పా! అన్నమూ వద్దు! ఊరికే నిలుపుతా!"

ఆయన వెనక్కి చూడలేదు. నడుము నొప్పితో ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. పార భుజం మీద జారుతుంటే సర్దుకుంటున్నాడు. కాపరి ఆయనను చూసి, నన్ను చూశాడు.

"ఆయప్పకు ఇనపల్లేదేమో టీచరమ్మా. నువ్వన్నా చెప్పు. మంద నిలపల్నా, వద్దా?"

"వినపడిందన్నా," అన్నాను. "వద్దంట."